గొంతు నులిమినవాడి దగ్గరికి మళ్ళీ పంపించాలా? ఆదివారం పంచాయితీ ఉంది, సలహా కావాలి

సుభద్ర_కె | శుక్రవారం, ఉదయం 9:10

అందరికీ నమస్కారం. మా పెద్దమ్మ కూతురి గురించి అడుగుతున్నాను. ఊరు, పేర్లు రాయడం లేదు.

పెళ్ళయి నాలుగేళ్ళు. చిన్న పాప ఉంది. చేయి చేసుకోవడం మొదటి ఏడాది నుంచే ఉంది. అక్క ఫోన్ చెక్ చేస్తాడు, ఆమె ఏటీఎం కార్డు తన దగ్గరే పెట్టుకుంటాడు, మాతో మాట్లాడితే రెండు రోజులు ఇంట్లో రభస. పోయిన వారం రెండు చేతులతో గొంతు నులిమాడు. కళ్ళు బైర్లు కమ్మి పడిపోయిందట. తెల్లారాక పాపను తీసుకుని పుట్టింటికి వచ్చేసింది.

ఒంటి మీద పెద్దగా దెబ్బలు కనిపించడం లేదు కాబట్టి మా పెద్దవాళ్ళు దీన్ని మొగుడూ పెళ్ళాల గొడవ కింద జమకట్టేశారు. ఆదివారం మా మేనమామ ఇంట్లో పంచాయితీ. అటు నుంచి అతని బాబాయి, ఊరి పెద్ద ఒకాయన వస్తున్నారు. ఇక చేయి ఎత్తనని స్టాంపు పేపరు మీద రాయించుకుని పంపించేద్దామని మావాళ్ళ ఉద్దేశం. అతను రోజూ ఫోన్ చేసి "నువ్వు రాకపోతే నేను చస్తా" అంటున్నాడు. అది విని పెద్దమ్మ కూడా మెత్తబడుతోంది. పెద్దవాళ్ళకు ఏం చెప్పి ఆపాలి?

---

క్యాజువాలిటీ_సిస్టర్ | శుక్రవారం, ఉదయం 9:41

అమ్మా సుభద్రా, పంచాయితీ సంగతి తర్వాత. ఈరోజే మీ అక్కను ఆస్పత్రికి తీసుకెళ్ళండి. దెబ్బలు కనిపించకపోవడం ధైర్యం చెప్పే విషయం కాదు. గొంతు నులిమిన కేసుల్లో చాలామందికి పైకి మచ్చ కూడా ఉండదు. లోపల మెడలోని రక్తనాళం గోడ చీలితే ఆ గాయం దగ్గర రక్తం గడ్డకట్టి, రోజుల తర్వాత కూడా పక్షవాతం రావచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగుతుంటే నొప్పి ఉందా, కళ్ళలో ఎర్రటి చుక్కలు కనిపించాయా, పడిపోయినప్పుడు తెలియకుండా మూత్రం పోయిందా, తల తిరుగుతోందా అని మెల్లగా అడగండి. సిగ్గుపడి చెప్పరు. మనమే అడగాలి.

క్యాజువాలిటీలో "కింద పడ్డాను" అని చెప్పించకండి. భర్త గొంతు నులిమాడు, స్పృహ తప్పింది అని చెబితే డాక్టర్ ఎంఎల్‌సీ (పోలీసు కేసుకు పనికొచ్చే మెడికో లీగల్ రికార్డు) రాస్తారు. ఆ కాగితం రేపు కోర్టులో పనికొస్తుంది. అంతకంటే ముందు, మెడకు స్కాన్ అవసరమా అని డాక్టర్ ఆలోచించాలంటే ఏం జరిగిందో ఆయనకు తెలియాలి కదా.

నేను చాలా ఏళ్ళుగా ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాను. కాలిన గాయాలతో వచ్చినవాళ్ళను అడిగితే స్టవ్ పేలిందంటారు. పక్కన అత్తగారు నిలబడి ఉంటుంది. వాళ్ళ పాత చీటీలు వెతికితే అంతకుముందు చేయి విరిగిందనో, బాత్రూంలో జారిందనో రెండు మూడుసార్లు ఇదే ఆస్పత్రికి వచ్చి ఉంటారు. ఒక్కరోజులో జరిగినది కాదని ఆ చీటీలే చెబుతాయి.

---

వెంకట్_కరీంనగర్ | శుక్రవారం, ఉదయం 10:25

బాధగానే ఉంది కానీ ఒక మాట. ప్రతి గొడవనూ హత్య దాకా తీసుకెళ్తే ఏ కాపురమూ నిలబడదు. కోపంలో ఒకసారి గొంతు పట్టుకున్నంత మాత్రాన వాడు హంతకుడైపోతాడా? 498ఎ (భార్యను వేధించారనే కేసు) పెట్టి మొత్తం కుటుంబాన్ని స్టేషన్ మెట్లు ఎక్కించినవాళ్ళను కూడా చూశాం. ఈమధ్య భార్యల చేతుల్లో చనిపోయిన మగవాళ్ళ వార్తలు చదవడం లేదా?

---

కౌన్సెలర్_మాధవి | శుక్రవారం, ఉదయం 11:30

వెంకట్ గారూ, ఒకసారి గొంతు పట్టుకుంటే హంతకుడైపోతాడా అన్నారు. దీని మీద పరిశోధన జరిగింది. అమెరికాలో జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సింగ్ ప్రొఫెసర్ 1980ల నుంచి ఇదే పని మీద ఉన్నారు. భర్తల, ప్రియుల చేతిలో చనిపోయిన ఆడవాళ్ళ కేసులనూ, దెబ్బలు తిని బతికున్నవాళ్ళ కేసులనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎక్కడుందో ఆమె బృందం వెతికింది. 2008లో వచ్చిన వాళ్ళ అధ్యయనంలో, అంతకుముందు ఒకసారి గొంతు నులమడం జరిగి ఉంటే తర్వాత హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా పెరుగుతుందని తేలింది. చెంపదెబ్బ, నెట్టేయడం తప్పులే. కానీ గొంతు మీద చేయి వేసినవాడు "నీ ఊపిరి నా చేతిలో ఉంది" అని చూపించినట్టు. ఇక్కడి దాకా వచ్చాక ఇది కోపం కాదు.

ఆమె తయారుచేసిన ప్రశ్నలు నేను కూడా వాడతాను. ముందు క్యాలెండర్ ఇచ్చి గడిచిన ఏడాదిలో ఏయే రోజుల్లో ఏం జరిగిందో గుర్తుపెట్టమంటాం. ఉగాదికి చెంపదెబ్బ, వినాయక చవితికి బెల్టు, దసరాకి గొంతు అని వరసగా కనిపించేసరికి ఆమే ఉలిక్కిపడుతుంది. రోజూ అందులోనే ఉన్నవాళ్ళకు అది ముదురుతున్నట్టు తెలియదు. తర్వాత చంపుతానన్నాడా, కడుపుతో ఉండగా కొట్టాడా, ఇష్టం లేకున్నా బలవంతం చేశాడా, వెంటపడి కాపు కాస్తున్నాడా, ఉద్యోగం పోయిందా, తాను చస్తానని బెదిరిస్తున్నాడా అని అడుగుతాం. సుభద్ర గారూ, ఆ చివరిది మీ పోస్టులో ఉంది. "నువ్వు రాకపోతే చస్తా" అనే మాటను మన ఇళ్ళల్లో ప్రేమ కింద లెక్కేస్తారు. మేము దాన్ని ప్రమాదం కింద రాసుకుంటాం, ఎందుకంటే తన ప్రాణం మీద ఆశ వదులుకున్నవాడు ఎదుటివాళ్ళ ప్రాణాన్నీ లెక్కచేయడు. భార్యాపిల్లలను చంపి తర్వాత తానూ ఉరేసుకున్న కేసులు మన జిల్లాల్లోనే ఎన్ని చదివాం.

బ్రిటన్‌లో జేన్ మాంక్టన్ స్మిత్ అనే ప్రొఫెసర్ 372 హత్యలను పరిశీలించి 2019లో ఒక క్రమం చూపించారు. ఎనిమిది దశలు. మొదట్నుంచీ అదుపులో పెట్టుకునే మనిషి, ఆ అదుపు తప్పే సందర్భం, ఎక్కువగా ఆమె వెళ్ళిపోవడం, ఆ తర్వాత బతిమాలడం, బెదిరించడం, వెంటపడటం, అవేవీ పనిచేయకపోతే మనసులో ఒక నిర్ణయం, తర్వాత ప్లాన్. ఆవేశంలో చేశాడని పేపర్లో వస్తుంది. వెనక్కి వెళ్ళి చూస్తే కత్తి ముందే కొని ఉంటాడు.

ఇంకో మాట కూడా చెప్పాలి. చనిపోయినవాళ్ళలో చాలామంది తమకు అంత ముప్పు ఉందని అనుకోలేదు. "మా ఆయన అంత పని చేయడులే" అని ఆమె అంటే ఆ మాటతో మనం నిశ్చింతగా ఉండకూడదు. కానీ భయంగా ఉందని ఆమె చెబితే మాత్రం ఆ భయాన్ని పూర్తిగా నమ్మాలి.

---

రిటైర్డ్_హెచ్‌సీ | శుక్రవారం, మధ్యాహ్నం 1:05

నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. స్టేషన్‌లో రైటర్‌గా ఎక్కువ కాలం ఉన్నాను కాబట్టి వచ్చిన పిటిషన్లన్నీ నా చేతి మీదుగానే వెళ్ళేవి. బయట టైపింగ్ షాపుల్లో వీటికి ఒక మూస ఉంటుంది. "అదనపు కట్నం కోసం శారీరకంగా, మానసికంగా వేధిస్తున్నారు" అని ఒకే వాక్యం. పది పిటిషన్లు తీస్తే పదీ ఒకటే. కట్నం అడగని చోట కూడా అదే రాసి ఇస్తారు. గొంతు నులిమిన సంగతి ఎక్కడా ఉండదు. ఎస్సై గారు అది చదివి, ఇది ఫ్యామిలీ మ్యాటర్ అని ఇద్దరినీ కౌన్సెలింగ్‌కి పిలుస్తారు. రెండు సిట్టింగులు, మూడు సిట్టింగులు, చివరికి రాజీ. ఆయన తప్పు కూడా పూర్తిగా కాదు. ఆ కాగితంలో ప్రాణాపాయం ఉందని తెలిసే మాటే లేదు.

కాబట్టి తల్లీ, పిటిషన్ మీ చేతిరాతతోనే రాయండి. ఏ తేదీ, ఏ గది, ఏ చేత్తో, ఎంతసేపు, స్పృహ తప్పిందా, చంపుతానని ఏ మాటలతో అన్నాడు, పాప చూసిందా, అన్నీ రాయండి. అప్పుడది వేధింపుల కేసు ఒక్కటే కాదు, హత్యాయత్నం కింద కూడా చూడాల్సి వస్తుంది. కొత్త చట్టంలో అది సెక్షన్ 109. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. ఘటన జరిగిన ఊరు వేరే స్టేషన్ పరిధి అని తిప్పి పంపితే జీరో ఎఫ్ఐఆర్ చేయమనండి.

---

డల్లాస్_పద్మ | శుక్రవారం, మధ్యాహ్నం 1:40

ఇక్కడ అమెరికాలో కూడా ఇదే కథండీ. హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసాను బట్టి వచ్చే వీసా మీద వచ్చిన అమ్మాయికి ఉద్యోగం ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, పాస్‌పోర్టు అతని బీరువాలో. 911కి (ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేస్తే వీసా పోతుందని, డిపోర్ట్ చేస్తారని బెదిరిస్తాడు. అది అబద్ధం. దెబ్బలు తిన్నవాళ్ళు సహాయం కోసం పోలీసులకు ఫోన్ చేసినంత మాత్రాన వీసా రద్దు కాదు. పోలీసులకు సహకరించే బాధితులకు యూ వీసా అనే దారి ఉంది. హింసకు గురైన హెచ్4 భార్యలు విడిగా వర్క్ పర్మిట్ అడగవచ్చు. భర్త సిటిజనో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే అతనికి తెలియకుండానే ఆమె సొంతంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు చేసుకునే వీలుంది. న్యూజెర్సీలో మానవి అనే సంస్థ 1985 నుంచి దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే పనిచేస్తోంది.

ఇక్కడ అదనంగా ఉన్న భయం తుపాకీ. మాధవి గారు చెప్పిన పరిశోధనలోనే, అతని చేతికి తుపాకీ అందుబాటులో ఉంటే ఆమెను చంపే ప్రమాదం ఐదు రెట్లని వచ్చింది. మనవాళ్ళు ఈమధ్య సరదాకని కొంటున్నారు. గొడవలున్న ఇంట్లో అది ఉందా అని ఇండియాలో ఉన్న అమ్మానాన్నలు కూడా అడగాలి.

---

రామచంద్రయ్య_పెద్దాపురం | శుక్రవారం, సాయంత్రం 4:15

అమ్మా, నేను మా ఊళ్ళో పెద్దమనిషిగా కూర్చునేవాణ్ణి. పంచాయితీ అనగానే తప్పు అన్నట్టు మాట్లాడుతున్నారు. అత్తాకోడళ్ళ పడనితనం, ఆడపడుచు మాటలు, వేరు కాపురం, అప్పులు, తాగుడు... ఇలాంటివి కూర్చుని మాట్లాడితే సర్దుకున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. కోర్టుకెళితే ఏళ్ళు పడుతుంది. సరే, మీరు చెప్పేదాంట్లో న్యాయం ఉంది. మరి మా బోటివాళ్ళం ఏది మాట్లాడి సర్దాలో, ఏది ముట్టుకోకూడదో ఎలా గుర్తుపట్టాలి? ఆ సంగతి చెప్పండి.

---

కౌన్సెలర్_మాధవి | శుక్రవారం, సాయంత్రం 5:20

అడిగినందుకు సంతోషం బాబాయ్ గారూ. పదిమందిలో అమ్మాయిని అడగకండి. ముందు రోజే ఇంట్లో ఉన్న ఆడమనిషి ఎవరైనా ఆమెతో విడిగా కూర్చుని మాట్లాడాలి. అత్తగారు వద్దు, వదిన వద్దు. "నీకు అతనంటే కోపమా, భయమా?" అని ఒక్కటి అడిగితే చాలు. కోపం అంటే ఇద్దరూ సమానంగా నిలబడి పోట్లాడుకుంటున్నారు, అక్కడ మీ మాట పనిచేస్తుంది. భయం అంటే అక్కడ ఇద్దరు లేరు. ఒకడు చెబుతున్నాడు, ఒకరు వింటున్నారు. అలాంటి చోట మధ్యవర్తిత్వం పెడితే, ఆమె అందరి ముందు నోరు విప్పిన ప్రతి మాటకూ ఆ రాత్రి ఇంట్లో లెక్క కట్టాల్సి వస్తుంది. పెద్దమనుషులు భోంచేసి వెళ్ళిపోతారు, ఆమె అతనితో తలుపు లోపల మిగులుతుంది.

గొంతు, నిప్పు, కత్తి, చంపుతానన్న మాట, గర్భిణిని కొట్టడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా "ఇది మా చేతిలో పని కాదు" అని పెద్దమనిషే చెప్పాలి. ఆమె ఏ మాట చెప్పినా వినని పెద్దవాళ్ళు మీరు చెబితే వింటారు.

తాగుడు గురించి కూడా. తాగినప్పుడే కొడతాడు, లేకపోతే దేవుడు అంటారు. దుకాణం నుంచి ఇంటికొచ్చే దారిలో ఎవరి గొంతూ పట్టుకోలేదు కదా. మందు వల్ల దెబ్బ పెద్దదవుతుంది, నిజమే. ఎవరిని కొట్టాలో మాత్రం మందు చెప్పదు.

---

నెల్లూరు_కమల | శుక్రవారం, సాయంత్రం 6:02

మందు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1992లో మా జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించినవాళ్ళు చదువు నేర్చుకుంటున్న మామూలు ఆడవాళ్ళే. రోశమ్మ గారి పేరు అందరికీ తెలుసు. ఆ కదలికతోనే 1993లో సారాను నిషేధించారు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్ళకే ఎత్తేశారనుకోండి. మా అమ్మ చెప్పేది, ఆ రోజుల్లో ఒక ఇంట్లో దెబ్బలు వినిపిస్తే ఆడవాళ్ళంతా కలిసి ఆ ఇంటి ముందుకు వెళ్ళి నిలబడేవారట. ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో టీవీ సౌండ్ పెంచుకుంటున్నాం. వెళ్ళి తలుపు కొట్టండి. చక్కెర కావాలనో, కరెంటు ఉందా అనో అడగండి. కొట్టే చేయి ఆ క్షణానికైనా ఆగుతుంది. భయమైతే 112కి ఫోన్ చేయండి.

---

అడ్వకేట్_వనజ | శుక్రవారం, రాత్రి 9:30

కోర్టు నుంచి ఇప్పుడే వచ్చాను. స్టాంపు పేపరు గురించి ముందు చెబుతాను. అతను మళ్ళీ కొట్టాడనుకోండి, ఆ కాగితంతో ఎవరూ అతన్ని ఏమీ చేయలేరు. సాక్ష్యంగా చూపించడానికి పనికొస్తుంది, అంతే. అదే మాట మెజిస్ట్రేట్ రక్షణ ఉత్తర్వుగా ఇస్తే, దాన్ని దాటడం నేరం. ఏడాది వరకు జైలు, 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. 2005 గృహహింస చట్టంలోని సెక్షన్ 31 అది. మీ మేనమామ గారికి కాగితమే కావాలంటే ఆ కాగితం తెచ్చుకోమనండి.

ఆ చట్టం కింద వేసే గృహహింస కేసును మేము డీవీసీ అంటాం. మీ అక్క ప్రస్తుతం ఉంటున్న ఊళ్ళోనే వేయవచ్చు, అత్తవారి ఊరికి తిరగనక్కరలేదు. అతను ఆమె దగ్గరికి రాకూడదని, ఫోన్ చేయకూడదని, పాప స్కూలు దగ్గరకు వెళ్ళకూడదని అడగవచ్చు. ఖర్చులకు డబ్బు, ఉండటానికి చోటు, పాప కస్టడీ కూడా అందులోనే. ప్రమాదం ఉందని అఫిడవిట్‌లో చూపిస్తే అతని వాదన వినకముందే మధ్యంతర ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుకు ఉంది. 60 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. మా కోర్టుల్లో నెలలు, ఏళ్ళు నడుస్తున్నాయి, ఆ మాట దాచను. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు అడగాలి. లాయర్ ఫీజు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. 181కి ఫోన్ చేస్తే సఖి సెంటర్‌కు (హింసకు గురైన ఆడవాళ్ళ సహాయ కేంద్రం) కలుపుతారు, అక్కడ తాత్కాలికంగా ఉండటానికి కూడా వీలుంటుంది.

వెంకట్ గారికి. దుర్వినియోగం లేదని నేను అనను. 2024 డిసెంబరులో తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులోనే సుప్రీంకోర్టు, నిర్దిష్టమైన ఆరోపణ లేకుండా భర్త బంధువులందరినీ ఇరికించవద్దని చెప్పి కేసు కొట్టేసింది. 2014 నుంచి పోలీసులు వెంటనే అరెస్టు కూడా చేయడం లేదు, నోటీసు ఇస్తారు. అందుకే హెచ్‌సీ గారు చెప్పినట్టు జరిగింది జరిగినట్టే రాయాలి, చేసినవాడి పేరే రాయాలి. మగవాళ్ళు చనిపోవడం కూడా నిజమే, భార్య విషం పెడుతుందని భయపడే మగవాడు కూడా స్టేషన్‌కు వెళ్ళాలి, ఆయన మాట కూడా వినాలి. కానీ లెక్క చూడండి. 2022లో దేశంలో నమోదైన వరకట్న మరణాలే 6,450. వాటిలో ఎంతమంది తల్లిదండ్రులు "సర్దుకుపో అమ్మా" అని పంపించి ఉంటారో మీరే ఊహించండి.

---

వెంకట్_కరీంనగర్ | శుక్రవారం, రాత్రి 10:10

గొంతు సంగతి నాకు తెలియదు మేడమ్. చదివాక ఈ అమ్మాయిని పంపకూడదనే నేనూ అంటాను. బంధువులందరి మీద కేసుల విషయంలో మాత్రం నా అభిప్రాయం అదే.

---

మౌనిక_94 | శుక్రవారం, రాత్రి 11:48

పుట్టిల్లే భయమైతే? కులం వేరని మా నాన్న, అన్న మా ఇద్దర్నీ చంపేస్తామంటున్నారు. అమ్మ మాత్రం ఫోన్ చేసి "ఒక్కసారి వచ్చి కనిపించు, అందరూ మెత్తబడ్డారు" అంటోంది.

---

అడ్వకేట్_వనజ | శనివారం, ఉదయం 6:50

మౌనికా, ఒంటరిగా వెళ్ళకు. ఇద్దరూ కలిసి కూడా వెళ్ళకండి. 2018లో మిర్యాలగూడలో ఏం జరిగిందో తెలుసు కదా. ఆస్పత్రి నుంచి భార్యతో బయటికి వస్తున్న అబ్బాయిని నరికించింది ఆ అమ్మాయి తండ్రే, కోటి రూపాయల సుపారీ మాట్లాడి. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. బెదిరింపులు ముందు నుంచీ ఉన్నాయి. ఇలాంటి జంటలకు రక్షణ ఇవ్వాలని, ప్రతి జిల్లాలో ప్రత్యేక సెల్ పెట్టాలని ఆ హత్య జరిగిన 2018లోనే, మార్చిలో సుప్రీంకోర్టు శక్తివాహిని కేసులో చెప్పింది. ఎస్పీ ఆఫీసులో లిఖితపూర్వకంగా ఇచ్చి రశీదు తీసుకో. బెదిరించిన కాల్స్ రికార్డింగులు దాచు. గృహహింస చట్టం అత్తింటికే కాదు, నాన్న మీద, అన్న మీద కూడా వర్తిస్తుంది. నాకు మెసేజ్ చెయ్యి.

---

సుభద్ర_కె | ఆదివారం, రాత్రి 8:20

పంచాయితీ జరగలేదు. రామచంద్రయ్య గారి ప్రశ్న, దానికి మాధవి గారి జవాబు మామయ్యకు చదివి వినిపించాను. తర్వాత అత్తయ్య లోపలికి తీసుకెళ్ళి అక్కను విడిగా అడిగింది. కడుపుతో ఉన్నప్పుడు కూడా ఒకసారి గొంతు పట్టుకున్నాడట. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అత్తయ్య బయటికి వచ్చాక మామయ్యే అటువాళ్ళకు ఫోన్ చేసి రావద్దన్నారు. శనివారం ఆస్పత్రిలో మెడకు స్కాన్ తీశారు, ఎంఎల్‌సీ రాశారు. స్టేషన్‌లో మొదట కౌన్సెలింగ్‌కే రమ్మన్నారు కానీ చేతిరాత పిటిషన్ చదివాక ఎస్సై గారు అక్కను కూర్చోబెట్టి మళ్ళీ అన్నీ అడిగారు. ఎఫ్ఐఆర్ అయింది. సోమవారం డీవీసీ వేస్తున్నాం.

ఒక సమస్య. అక్క సర్టిఫికెట్లు, పాప ఆధార్, బంగారం అన్నీ ఆ ఇంట్లో ఉన్నాయి. "వచ్చి తీసుకెళ్ళు, చివరిసారి మాట్లాడదాం" అని మెసేజ్ పెట్టాడు. నేనూ తమ్ముడూ వెళ్ళి తెచ్చేయమా?

---

రిటైర్డ్_హెచ్‌సీ | ఆదివారం, రాత్రి 8:34

వద్దు తల్లీ, మీరు కూడా వెళ్ళొద్దు. నా సర్వీసులో చూసిన కేసుల్లో చివరిసారి మాట్లాడదామన్న పిలుపే చాలా వాటిలో ఉంది. బట్టలకని, సర్టిఫికెట్లకని వెళ్ళినవాళ్ళు, వాయిదా అయ్యాక కోర్టు గేటు బయట మాట్లాడటానికి ఆగినవాళ్ళు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి ఎస్సై గారికి పంపండి.

---

అడ్వకేట్_వనజ | ఆదివారం, రాత్రి 9:05

డీవీసీలోనే ఆ వస్తువుల జాబితా రాయించండి. స్త్రీధనం, సర్టిఫికెట్లు తిరిగి ఇవ్వమని కోర్టు ఉత్తర్వు ఇస్తుంది, ప్రొటెక్షన్ ఆఫీసర్‌తోనో పోలీసులతోనో వెళ్ళి తీసుకోవచ్చు. ఆధార్ మళ్ళీ ప్రింట్ తీసుకోవచ్చు, టెన్త్, డిగ్రీ సర్టిఫికెట్లకు డూప్లికేట్లు వస్తాయి. అక్క ఫోన్‌లో లొకేషన్ షేరింగ్ ఆపేయండి, గూగుల్ పాస్‌వర్డ్, బ్యాంకు పిన్ మార్చండి, కార్డు బ్లాక్ చేయించి కొత్తది ఈ చిరునామాకు తెప్పించండి. పాప వెళ్ళే స్కూల్లోనో అంగన్‌వాడీలోనో ఎవరికి అప్పగించాలో రాసి ఇవ్వండి. కేసు వేసిన మొదటి వారాల్లో అక్క ఒంటరిగా బయటికి వెళ్ళకూడదు. సోమవారం పదిన్నరకల్లా కోర్టు దగ్గరికి రండి, ఎంఎల్‌సీ, ఎఫ్ఐఆర్ రెండూ జిరాక్సులు మూడేసి సెట్లు తెచ్చుకోండి.